కరివేపాకు మొక్క, కాగితపు రెక్కలు: సీతాకోకచిలుక జీవితచక్రం నేర్పే చేతిపనులు

ప్రాథమిక పాఠశాలల్లో పరిసరాల విజ్ఞానం బోధించే చోటల్లా సీతాకోకచిలుక జీవితచక్రం మీద ఒక పాఠమో, కనీసం గోడకు తగిలించిన ఒక పటమో కనిపిస్తుంది. గుండ్రంగా అమర్చిన నాలుగు బొమ్మలు, వాటిని కలుపుతూ నాలుగు బాణం గుర్తులు ఉండే ఆ పటంలోని గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అనే క్రమాన్ని పిల్లలు ఒక్క పూటలో కంఠస్థం చేసి పరీక్షలో తప్పు లేకుండా రాయగలరు. అయితే ఈ పాఠంలోని అసలు విశేషమంతా బొమ్మలకన్నా ఆ బాణం గుర్తుల్లోనే దాగి ఉంది: ఆకులు నమిలే పురుగు పూలలోని తేనె పీల్చే జీవిగా ఎలా మారింది, చర్మం పెరగని ప్రాణి శరీరం ఎలా పెరిగింది, అన్ని రోజులూ కదలకుండా వేలాడిన కాయ లాంటి ఆ ప్యూపాలో ఏం జరిగింది అనే ప్రశ్నలకు పటం జవాబు చెప్పదు. కంటికి కనపడని ఈ మార్పులను పిల్లల చేతికి అందించగల సాధనాలుగా ఆకులు, మట్టి, గింజలు, కాగితంతో చేసే చేతిపనులు చాలా దేశాల బడుల్లో వాడుకలో ఉన్నాయి. అవి నిజమైన పురుగును చూసి చేసినప్పుడు గొప్ప పాఠాలవుతాయి. అలంకారం కోసం చేసినప్పుడు మాత్రం పిల్లల మనసులో కొన్ని తప్పులను ఏళ్ల తరబడి పాతుకుపోయేలా చేస్తాయి.

ఒక జీవి తన పెరుగుదలలో రూపాన్నీ, ఆహారాన్నీ, జీవన విధానాన్నీ మార్చుకోవడాన్ని శాస్త్రపరిభాషలో రూపవిక్రియ అంటారు. మిడత, బొద్దింక వంటి కీటకాల పిల్లలు చాలావరకు తల్లి పోలికతోనే పుట్టి, రెక్కలు మాత్రం క్రమంగా పెంచుకుంటాయి గనుక వాటిది అసంపూర్ణ రూపవిక్రియ. సీతాకోకచిలుకలో గుడ్డు నుంచి వచ్చే డింభకానికి, అంటే గొంగళిపురుగుకు, తల్లితో ఏ పోలికా ఉండదు. ఆ రెండింటి మధ్య ప్యూపా అనే దశ తప్పనిసరి గనుక దీన్ని సంపూర్ణ రూపవిక్రియ అంటారు. పురుగులు బురద నుంచీ కుళ్లిన పదార్థం నుంచీ వాటంతటవే పుడతాయని యూరప్‌లో చాలామంది నమ్ముతున్న 17వ శతాబ్దంలో, 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించిన మరియా సిబిల్లా మెరియన్ పదమూడేళ్ల వయసులోనే పట్టుపురుగులను పెంచుతూ వాటి మార్పులను రోజువారీగా బొమ్మలు గీసి నమోదు చేయడం మొదలుపెట్టింది. 1679లో గొంగళిపురుగుల మీద తొలి పుస్తకాన్ని ప్రచురించి, 1699లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడలో వెళ్లి, రెండేళ్ల తరువాత తిరిగివచ్చి, అక్కడి కీటకాల రూపవిక్రియ మీద 1705లో ఆమె వెలువరించిన బొమ్మల గ్రంథం ఈనాటికీ ప్రామాణికంగా నిలిచి ఉంది. ఆమె బొమ్మల్లో డింభకం, ప్యూపా, రెక్కల పురుగు ఒకే పుటలో, తరచుగా అది తినే మొక్కతో సహా కనిపిస్తాయి. బొమ్మ గీయడమే ఆమె పరిశోధన పద్ధతి అయింది. చేత్తో గీయాలంటే ముందు కంటితో నిలకడగా చూడక తప్పదు. నేటి తరగతి గది పటాల్లో నాలుగు దశలూ మిగిలాయి గానీ మొక్క మాత్రం చాలాచోట్ల జారిపోయింది, చేతిపనుల్లో మొట్టమొదట తిరిగి తీసుకురావలసింది దాన్నే.

ఎందుకంటే సీతాకోకచిలుక ఏ ఆకు మీద పడితే ఆ ఆకు మీద గుడ్డు పెట్టదు. ప్రతి జాతికీ తన డింభకం తినగల మొక్కలు కొన్నే ఉంటాయి, వాటిని ఆతిథేయ మొక్కలు అంటారు. ఆకుపచ్చ కాగితాన్ని ఇష్టం వచ్చిన ఆకారంలో కత్తిరించి, ఏ పేరూ లేని పురుగును దాని మీద అతికించే చేతిపనిలో ఈ సంబంధం పూర్తిగా మాయమవుతుంది. ఏదో ఒక జాతిని ఎంచుకుని మొదలుపెడితే ఈ లోపం తీరుతుంది. తెలుగునాట ఇందుకు అన్నిటికన్నా అనువైనది లైమ్ బటర్‌ఫ్లై అని పిలిచే నిమ్మ సీతాకోకచిలుక. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు పాపిలియో డెమోలియస్. నల్లని రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనుక రెక్కల లోపలి అంచున ఒక్కొక్క ఎర్రని మచ్చ ఉండే ఈ జాతి నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు మొక్కల మీద గుడ్లు పెడుతుంది. గూడూరు ప్రాంతపు నిమ్మతోటల్లోనూ, నల్లగొండ జిల్లా బత్తాయి తోటల్లోనూ రైతులకు ఇది లేత మొక్కల ఆకులు తినేసే పురుగుగానే పరిచయం. పట్నంలో పెరడు లేని ఇంట్లోనైనా కుండీలో ఒక కరివేపాకు మొక్క ఉంటే ఈ పాఠానికి కావలసిన ప్రయోగశాల సిద్ధంగా ఉన్నట్టే.

కరివేపాకు చిగుళ్లను దగ్గరగా పరిశీలిస్తే సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పున, గుండ్రంగా, లేత పసుపు రంగులో ఒంటరిగా అంటుకుని ఉన్న గుడ్డు కనిపిస్తుంది. పగిలే ముందు అది నల్లబడుతుంది, మూడు నాలుగు రోజుల్లో అందులోంచి వచ్చే పురుగు గోధుమ, నలుపు రంగుల మధ్య తెల్లని మచ్చలతో అచ్చం పక్షి రెట్టలా ఉంటుంది. పక్షి కంటి నుంచి తప్పించుకోవడానికి పక్షి రెట్ట వేషమే వేసుకున్న ఈ ప్రాణి, నాలుగోసారి కుబుసం విడిచిన తరువాత ఒక్కసారిగా ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. దాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి నారింజ ఎరుపు రంగులో రెండు పాయలుగా చీలిన మెత్తని కొమ్ము లాంటి అవయవం బయటికి వచ్చి ఘాటైన వాసన వెదజల్లుతుంది, చీమలను బెదరగొట్టడానికి అది దాని ఆయుధం. ఇంత విశేషం చూసిన పిల్లవాడు చేసే మట్టి పురుగు, అంగడిలో కొన్న పటాన్ని చూసి చేసిన పురుగులా ఎన్నటికీ ఉండదు.

గుడ్డు దశకు సగ్గుబియ్యం చాలు. పసుపు కలిపిన నీళ్లలో క్షణకాలం ముంచి ఆరబెట్టిన సగ్గుబియ్యపు గింజను, అట్ట మీద అతికించిన నిజమైన కరివేపాకు రెమ్మలోని చిగురాకు మీద, ఆకుకు ఒకటి చొప్పున అంటించాలి. గుప్పెడు బియ్యపు గింజలను ఆకు మీద కుప్పగా అతికించడం బడుల్లో పరిపాటి. కొన్ని జాతులు గుడ్లను గుంపుగా పెట్టే మాట నిజమే అయినా, నిమ్మ సీతాకోకచిలుక మాత్రం ఒక్కో పిల్లకూ తగినంత మేత మిగిలేలా విడివిడిగానే పెడుతుంది. ఈ చిన్న తేడాను గమనించి అతికించిన పిల్లలకు, తల్లి పురుగు పిల్లలను సాకకపోయినా వాటి తిండిని ముందే చూసిపెడుతుందన్న సంగతి వేరే పాఠం అక్కర లేకుండానే అర్థమవుతుంది.

గొంగళిపురుగు విషయంలో చేతిపనులు చేసే పొరపాట్లు ఎక్కువ. గుండ్రని రంగు కాగితాలను వరుసగా అతికించి, ముందు గుండ్రానికి నవ్వు ముఖం, రెండు పొడవాటి మీసాలు పెట్టే బొమ్మలో పురుగు శరీరనిర్మాణం ఒక్కటీ నిలవదు. నిజమైన గొంగళిపురుగు తల వెనుక శరీరంలో పదమూడు ఖండితాలు, అంటే వలయాల్లాంటి భాగాలు ఉంటాయి. మొదటి మూడు ఉరోభాగానికి, మిగిలిన పది ఉదరభాగానికి చెందినవి. ఉరోభాగంలోని మూడు జతలు కీళ్లున్న అసలు కాళ్లు, సీతాకోకచిలుకకు చివరికి మిగిలే ఆరు కాళ్లకు మూలం అవే. ఉదరభాగంలో ఉండే అయిదు జతల మెత్తని కాళ్లు కొమ్మను పట్టుకోవడానికి కొసన సన్నని కొక్కేలు ఉండే తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. మీసాలు మూతి దగ్గర కనీకనిపించనంత చిన్నవి, కళ్లు తలకు ఇరువైపులా ఆరేసి చిన్న చుక్కలు. వినాయక చవితికి ఊళ్లలో దొరికే బంకమట్టితో తల కాక పదమూడు ఉండలు చేసి, తల వెనుక మొదటి మూడింటికి చీపురుపుల్ల ముక్కలతో సన్నని కాళ్లు, వెనుక ఉండల్లో అయిదింటికి మట్టితోనే పొట్టి కాళ్లు అమర్చిన పురుగు చూడడానికి ముద్దుగా ఉంటుంది, చెప్పే మాటలోనూ తప్పు ఉండదు.

అయితే పెరుగుదల అనే విషయం మట్టితో చెప్పలేనిది, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించవలసి ఉంది. గొంగళిపురుగుకు తినడమే పని; అమెరికాలోని మొనార్క్ జాతి డింభకం గుడ్డు నుంచి వెలువడినప్పటి బరువుకు సుమారు రెండు వేల రెట్లు పెరుగుతుంది. కానీ దాని చర్మం, ముఖ్యంగా తలకు ఉన్న గట్టి తొడుగు, శరీరంతో పాటు పెరిగేది కాదు గనుక పాతదాన్ని విడిచి కొత్తది తొడుక్కోవాలి. దీనినే నిర్మోచనం అంటారు, పాములు కుబుసం విడవడం ఎరిగిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. కొత్తచర్మం పాతదాని కిందనే తయారవుతున్నప్పుడు చిన్న తొడుగు లోపలి నుంచి పెద్ద తొడుగు ఎలా వస్తుందన్నది తెలివైన పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. దీనికి జవాబుగా ఒక చేతిపని ఉంది: ముడతలుపడి సాగే క్రేప్ కాగితంతో గొట్టం చుట్టి, దాన్ని నొక్కి కుదించి, దానికన్నా చిన్నదైన మామూలు కాగితపు గొట్టంలోకి దూర్చాలి. పై కాగితాన్ని తల వైపు చీల్చి లోపలి గొట్టాన్ని బయటికి లాగి సాగదీస్తే, విడిచిన తొడుగు కన్నా అది పొడవుగానూ లావుగానూ నిలుస్తుంది. నిజమైన పురుగులో జరిగేది కూడా ఇదే. కొత్తచర్మం ముడతలతో మెత్తగా ఉండగానే అది ఒళ్లు ఉబ్బించి ముడతలు విప్పుకుంటుంది, ఆ తరువాతే చర్మం గట్టిపడుతుంది. నిమ్మ సీతాకోకచిలుక డింభకానికి ఇలాంటి అయిదు దశలు ఉంటాయి. మొదటి నాలుగు గొట్టాలకు రెట్ట రంగు, అయిదో దానికి ఆకుపచ్చ రంగు వేస్తే దశల లెక్క కూడా అందులోనే కుదురుతుంది.

ప్యూపా దగ్గరికి వచ్చేసరికి ప్రపంచమంతటా ఒక పొరపాటు స్థిరపడిపోయింది. 1969లో ఎరిక్ కార్ల్ రచించి బొమ్మలు గీసిన, ఆకలిగొన్న గొంగళిపురుగు కథ కోట్లాది పిల్లలను సీతాకోకచిలుకల వైపు తిప్పిన మంచి పుస్తకమే అయినా, అందులో పురుగు తన చుట్టూ గూడు కట్టుకుని అందులోంచి సీతాకోకచిలుకగా బయటికి వస్తుంది. ఆ పుస్తకం ప్రభావంతోనూ, అలవాటుతోనూ చేతిపనుల్లో ప్యూపాకు దూదో ఊలు దారమో చుట్టబెడుతుంటారు. పట్టుదారంతో గూడు అల్లుకోవడం ప్రధానంగా మాత్ అని పిలిచే శలభాల లక్షణం. సీతాకోకచిలుక ప్యూపా సాధారణంగా ఏ దుప్పటీ లేకుండా బయటికే కనిపిస్తుంది. డింభకం చివరి చర్మం విడిచినప్పుడు బయటపడే గట్టి పైపొరే దానికి రక్షణ. నిమ్మ సీతాకోకచిలుక ప్యూపా తోక కొసను పట్టుదారపు చిన్న మెత్త మీద తగిలించుకుని, నడుముకు ఒక దారపు పట్టెడ వేసుకుని, తల పైకి పెట్టి కొమ్మకు ఆని నిలుస్తుంది. పరిసరాలను బట్టి ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది. జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక ప్యూపా తలకిందులుగా వేలాడుతుంది. గన్నేరు మీద పెరిగే కామన్ క్రో ప్యూపా అయితే వెండిలా తళతళ మెరుస్తుంది, చాక్లెట్ల మీది వెండి కాగితం పిల్లలు దాచుకునేదే గనుక దాన్ని మట్టి కాయకు చుడితే ఈ జాతికి చక్కగా సరిపోతుంది.

గూడు గురించిన పాఠానికి తెలుగునాట నిజమైన వస్తువే అందుబాటులో ఉంది. పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరుపొందిన హిందూపురం పరిసరాల్లో మల్బరీ పెంచే రైతు కుటుంబాల పిల్లలకు పట్టుపురుగు పెంపకం ఇంటిపనే. ఒక్క గూటిలో వందల మీటర్ల పొడవైన దారం తెగకుండా ఉంటుంది. శలభం చీల్చుకుని బయటికి వచ్చిన గూళ్లు దారం తీయడానికి పనికిరావు, వాటితో దండలు, పూలు చేయడం కొన్ని ప్రాంతాల్లో చేతివృత్తిగానే ఉంది. అలాంటి ఖాళీ గూటిని ఒక కొమ్మకు, దారపు పట్టెడ కట్టిన మట్టి ప్యూపాను పక్క కొమ్మకు తగిలించి ఒకే అట్ట మీద పెడితే శలభానికీ సీతాకోకచిలుకకూ ఉన్న తేడా పిల్లలు మరచిపోరు.

ఇక ప్యూపా లోపలి సంగతి. అందులో పురుగు పూర్తిగా కరిగి ద్రవమై, ఆ ద్రవం నుంచి సీతాకోకచిలుక కొత్తగా పుడుతుందని చాలా పుస్తకాలు రాస్తాయి, అది సగం నిజమే. ఆకులను జీర్ణం చేసుకోవడానికీ, నేలబారున పాకడానికీ పనికొచ్చిన కండరాలు, కణజాలాలు చాలావరకు విచ్ఛిన్నమయ్యే మాట వాస్తవం. అయితే రెక్కలకు, కాళ్లకు, కళ్లకు మూలమైన కణాల చిన్న గుంపులు గొంగళిపురుగు శరీరంలో ముందు నుంచే సిద్ధంగా ఉండి ఈ దశలో వేగంగా పెరుగుతాయి. శ్వాసనాళాలు, నాడీవ్యవస్థలోని కొన్ని భాగాలు మార్పులతో కొనసాగుతాయి. డింభకంగా ఉన్నప్పుడు ఒక వాసనను తప్పించుకోవడం నేర్చిన ఒక శలభ జాతి, రెక్కలు వచ్చాక కూడా ఆ పాఠాన్ని గుర్తుపెట్టుకుందని 2008లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. రెక్కలు ముందే సిద్ధంగా ఉంటాయన్న సంగతిని పిల్లలకు చూపే చేతిపనికి విస్తరి కుట్టే పద్ధతి అక్కరకొస్తుంది. పల్చని టిష్యూ కాగితంతో రెక్కలు కత్తిరించి, రంగులద్ది ఆరబెట్టి, వీలైనంత చిన్నగా మడిచి, బాదం ఆకును కాయలా చుట్టి ఈనెపుల్లతో కుట్టి అందులో దాచాలి. నాలుగైదు రోజుల తరువాత పుల్ల తీసి, రెక్కలను మెల్లగా విప్పిన పిల్లలకు, అవి అప్పటికప్పుడు పుట్టలేదనీ ముందే మడతపడి ఉన్నాయనీ తెలుస్తుంది. అప్పుడే వెలువడిన నిజమైన సీతాకోకచిలుక నలిగిన చిన్న రెక్కలతో వేలాడుతూ, శరీరద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి ఎక్కించి వాటిని విప్పుకుంటుంది. అదే సమయంలో అది విసర్జించే ఎర్రని ద్రవాన్ని చూసి రక్తమని పిల్లలు భయపడితే, ప్యూపా దశలో పేరుకున్న వ్యర్థమని చెప్పాలి. ఆ వేళ దాన్ని తాకితే రెక్కలు వంకరగా గట్టిపడి అది జన్మలో ఎగరలేకపోవచ్చు.

సీతాకోకచిలుక బొమ్మ అందరూ చేసేదే గనుక దాని గురించి కొద్ది మాటలు చాలు. కాగితాన్ని మధ్యకు మడిచి ఒక వైపు రంగు వేసి అద్దితే రెండో వైపు అదే బొమ్మ పడే పద్ధతి రెక్కల సౌష్ఠవాన్ని, అంటే ఇరువైపుల సమానత్వాన్ని, చక్కగా నేర్పుతుంది. రెక్కలు నాలుగనీ, అవి ఉదరానికి కాక మధ్యనున్న ఉరోభాగానికే అతుకుతాయనీ, మీసాల కొసలు గుండులా ఉబ్బి ఉంటాయనీ గుర్తుంచుకుంటే సరిపోతుంది. రెక్కల రంగంతా పెంకుటింటి మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన సూక్ష్మమైన పొలుసులది. ఎండిన పూరేకుల ముక్కలను కింది అంచు నుంచి వరుసలుగా అతికించుకుంటూ పోతే ఆ అమరిక చేతికి తెలుస్తుంది. తేనె పీల్చే తొండాన్ని రెండు సన్నని కాగితపు పట్టీలను పక్కపక్కన అతికించి సుడిలా చుట్టి చేయాలి, ఎందుకంటే నిజమైన తొండం రెండు భాగాలుగానే వెలువడి ఆ తరువాత ఒకటిగా కలుసుకుంటుంది.

గుండ్రని పటం చేసే మరొక అన్యాయం కాలానికి సంబంధించినది. నాలుగు దశలకూ సమానమైన పావు భాగాలు కేటాయించడం వల్ల అన్నీ సమాన కాలం నడుస్తాయన్న భావం కలుగుతుంది. వెచ్చని వాతావరణంలో నిమ్మ సీతాకోకచిలుక గుడ్డుగా మూడు నాలుగు రోజులు, డింభకంగా సుమారు రెండు వారాలు, ప్యూపాగా వారం పది రోజులు గడుపుతుంది. చలికాలంలో ఈ లెక్క పొడవవుతుంది. నానబెట్టి రంగు అద్దిన చింతగింజలను రోజుకొకటి చొప్పున, దశకొక రంగుగా దారానికి గుచ్చుకుంటూ పోతే నెల తిరిగేసరికి తయారయ్యే దండలో డింభకానికి గుచ్చిన గింజలదే పెద్ద వాటా. పెద్దవాళ్లు అసహ్యించుకునే పురుగు రూపమే ఈ ప్రాణి ఎదుగుదలకు మూలాధారమన్న సంగతి ఆ దండను చూసిన ఏ పిల్లకైనా కనిపిస్తుంది.

ఇంత జరిగినా ప్రతి గుడ్డూ సీతాకోకచిలుక కాదు, ఈ కఠోర సత్యాన్ని పిల్లల నుంచి దాచవలసిన పని లేదు. రైతులు పంట పురుగుల నివారణకు పొలాల్లో కట్టే ట్రైకోగ్రామా కార్డుల్లోని పరాన్నజీవి కందిరీగ వంటి సన్నని పురుగులు ఇతర కీటకాల గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి. పక్షులు, సాలీళ్లు, చీమలు, పురుగుమందు మిగిలిన వాటిని తగ్గిస్తాయి. దీనికి వైకుంఠపాళి పటం చక్కని చేతిపని. పిల్లలే గళ్లు గీసి, చిగురాకు దొరికిన చోట నిచ్చెన, కందిరీగ, పక్షి, మందు పిచికారీ ఉన్న చోట పాము వేసుకుంటే, ఆడుతున్నంతసేపూ జీవావరణ సంబంధాలే వారి నోట పలుకుతాయి.

వాడే వస్తువుల విషయంలో పెద్దలు జాగ్రత్త వహించాలి. ఎర్రగా మెరిసే గురివింద గింజలు పురుగు కళ్లకు ఎంత బాగా అమరినా అవి తీవ్రమైన విషం కలవి, చిన్నపిల్లల చేతికి ఇవ్వరాదు. గన్నేరులోని అన్ని భాగాలూ విషపూరితమే, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకు హాని. ఒంటినిండా నూగు ఉన్న పురుగులను తాకితే దురద, దద్దుర్లు రావచ్చు. చేతిపని కోసం సీతాకోకచిలుకలను పట్టడం, రెక్కలు తెంపి అతికించడం ఏ సాకుతోనూ తగనివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని జాతులకు రక్షణ కూడా కల్పించింది. రాలిన ఆకు, రాలిన పువ్వు, మట్టి, గింజ, పాత కాగితం ఇందుకు సమృద్ధిగా సరిపోతాయి.

ఆతిథేయ మొక్కలు తెలుగునాట ప్రతి ఊరి దారుల్లోనూ ఉన్నాయి. బతుకమ్మకు పూలిచ్చే తంగేడు లేత పసుపు, ఆకుపచ్చ ఛాయల ఎమిగ్రెంట్ జాతుల డింభకాలకు మేత, ఆముదం ఆకు క్యాస్టర్ అనే గోధుమ రంగు సీతాకోకచిలుకకు నెలవు, ఈశ్వరి తీగ కామన్ రోజ్ అనే సీతాకోకచిలుకకు ఆధారం. అందుచేత ఈ పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ ముందుగా ఒక్క పని చేయాలి: బడి ఆవరణలోనో, ఇంటి పెరట్లోనో, బాల్కనీలోనో ఒక కరివేపాకు మొక్క నాటి, దానికి పురుగుమందు కొట్టకుండా, వంటకు తెంపేటప్పుడు కనీసం రెండు చిగురు కొమ్మలను పిల్లల కోసమూ పురుగుల కోసమూ విడిచిపెట్టాలి.